ఆరు గంటల పేషెంటు

రోజూ సాయంత్రం ఆరు గంటలకు నేను పేషెంటును. మిగతా వేళల్లో భార్గవ్ వాళ్లమ్మను.

మా కోడలు రుచిత ఒక డాక్టరు దగ్గర సహాయకురాలి పని నేర్చుకుంటోంది. బీపీ చూడడం, రక్తం తీయడం, కట్టు కట్టడం, వచ్చినవాళ్లను అడిగి రాసుకోవడం, ఫోనెత్తి టెర్మిన్, అంటే రావాల్సిన టైం, ఇవ్వడం అన్నీ ఆ పనిలోవే. కరీంనగర్‌లో బీఫార్మసీ చదివిన పిల్ల. ఆ చదువు ఈ దేశంలో చెల్లదన్నారట. మొదటి నుంచి భాష నేర్చుకుని, డాక్టరుగారి ప్రాక్సిస్‌లో, అంటే క్లినిక్కులో, పనిచేస్తూ, మధ్యలో బడికి వెళుతూ మూడేళ్లకు చివరి పరీక్ష దాకా వచ్చింది. రాతపరీక్ష మే నెలలో అయిపోయింది. ఇక చేసి చూపించే పరీక్ష జూన్ ఇరవై ఆరున. అది పాసైతే అదే ప్రాక్సిస్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. తప్పితే చలికాలం దాకా ఆగాలి. అప్పటిదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉండదు.

నేను ఈ వీస్‌లోఖ్ ఊరికి వచ్చింది జనవరి చివర్లో. మూడు నెలలుండి పోదామని బట్టలూ మందులూ ఆ లెక్కనే తెచ్చుకున్నాను. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. వీసా ఆఫీసువాళ్లే గడువు పొడిగించారు. భార్గవ్‌కు వాల్డార్ఫ్‌లో ఉద్యోగం. కరోనా వచ్చాక ఆ ఉద్యోగం మా ఇంట్లోకే వచ్చింది. ఎనిమిదింటికి గది తలుపు వేసుకుంటాడు. చెవులకు హెడ్‌ఫోన్లు. నేను కాఫీ గ్లాసు తలుపు ముందు స్టూలు మీద పెట్టి ఒకసారి తట్టి వచ్చేస్తాను. కాసేపటికి గ్లాసు ఖాళీగా అక్కడే ఉంటుంది.

రుచిత రోజంతా జబ్బుమనుషుల మధ్య తిరిగొస్తుంది కాబట్టి ఇంట్లో కూడా నాకు దూరంగా ఉండేది. మాస్కు తీసేది కాదు. నేను తిని వెళ్లాక వంటింట్లో తినేది. "మీకేమన్నయితే నన్ను నేనే మాఫ్ చేసుకోలేనత్తమ్మా" అనేది. మంచిమాటే. కానీ ఆ మంచిమాటతోనే నేను నెలల తరబడి ఒక కిటికీ దగ్గర కూర్చున్నాను. కిటికీ కింద ఖాళీ సీసాలు పడేసే ఇనప డబ్బాలు ఉన్నాయి. ఎవరో ఒకరు సంచీ పట్టుకొచ్చి ఒక్కొక్కటిగా వేసేవారు. సీసా పగిలిన చప్పుడును బట్టి పెద్దదో చిన్నదో చెప్పగలిగేదాన్ని. ఆదివారం అక్కడ చప్పుడు చేయకూడదట. ఆ రోజు అదీ లేదు.

పరీక్షకు సాధన చేయడానికి రుచితతో కలిసి చదివే అమ్మాయి ఇంటికి రావడానికి వీల్లేకపోయింది. మొదట భార్గవ్‌నే పేషెంటుగా కూర్చోబెట్టింది. బీపీ పట్టీ చేతికుండగానే వాడు రెండో చేత్తో ఫోన్ చూసుకునేవాడు. మూడోరోజు రుచిత వాణ్ని లేపేసింది.

"నీకంటె దిండు నయం. దిండన్న కదలకుండ ఉంటది."

"అయితే దిండుకే చూసుకో బీపీ" అని వాడు గదిలోకి పోయాడు.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న నేను, "నేను కూర్చోనా అమ్మా?" అన్నాను. వద్దంది. కిటికీలు తెరుచుకుందాం, ఇద్దరం మాస్కులు పెట్టుకుందాం, నువ్వు గ్లవుజులు వేసుకో అన్నాను. చివరికి సరేనంది.

నాకు అక్షరాలు వచ్చి ఎనిమిదేళ్లే. ఆయన పోయాక, యాభై నాలుగో ఏట, ఊళ్లో పెద్దవాళ్ల కోసం మధ్యాహ్నం పూట పెట్టిన బడిలో నా స్నేహితురాలు భానుమతీ నేనూ నేర్చుకున్నాం. అది తెలుసు కనుక రుచిత పరీక్షలో చేయాల్సిన పనులన్నీ తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. మొత్తం పద్నాలుగు. చేతులు కడుక్కోవాలి. పేరూ పుట్టిన తేదీ అడగాలి. ఏం చేయబోతున్నామో చెప్పాలి. ఇబ్బంది ఏమిటో అడగాలి. ఎప్పటి నుంచో అడగాలి. అలా కిందికి. ఆమె ఒక్కో పని చేస్తుంటే నేను వేలు పెట్టి చదువుకుని, పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. ఏదైనా వదిలేస్తే పట్టుకోవాలి.

నాకు ఆ వేళ కోసం పొద్దున్నుంచే ఎదురుచూపు. ఐదున్నరకే ముఖం కడుక్కుని తల దువ్వుకునేదాన్ని. ఆమె నా మోచేతి పైన పట్టీ చుట్టేది. మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి గడియారం చూసేది. గ్లవుజు వేళ్లే. అయినా లోపలి వెచ్చదనం తెలిసేది. జనవరిలో విమానాశ్రయంలో భార్గవ్ నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆ తర్వాత ఎవరైనా నన్ను ముట్టుకోవడం ఇదే.

"ఏమన్న ఇబ్బంది ఉన్నదా అత్తమ్మా?" అని అడిగేది నాలుగో వరుస దగ్గర.

"ఏం లేదమ్మా. బాగానే ఉన్నాను."

టిక్కు పెట్టేదాన్ని. ఇబ్బందే లేనప్పుడు ఎప్పటి నుంచి అన్న మాట ఎక్కడిది? ఐదో వరుసకూ టిక్కే. అలా నెలన్నర. తప్పు ఒక్కటీ దొరకలేదు. "మీ అసుంటి పేషెంటు దొరికితే కండ్లు మూసుకోని పాసయిత" అనేది.

పరీక్ష ఇంకా పదహారు రోజులుందనగా, ప్రాక్సిస్‌లో పెద్ద సహాయకురాలు ఫ్రౌ కెల్లర్ రుచితకు ఉత్తుత్తి పరీక్ష పెట్టింది. తానే పేషెంటుగా కూర్చుంది. ఆ సాయంత్రం రుచిత ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే నడవాలో కింద కూర్చుంది. మాస్కు ముక్కు దగ్గర తడిసి ఉంది.

"ఏమైందమ్మా?"

"ఫెయిల్. బీపీ మంచిగ చూసిన, కట్టు మంచిగ కట్టిన. అంత బేకార్."

"మరి?"

"ఏమన్న ఇబ్బందా అనడిగిన. ఏం లేదు, మాత్రల చీటీ కోసం వచ్చిన అన్నది. సరే అని రాసుకున్న. అయిపోయినంక చెప్తది, ఆమెకు వారం సంది గుండెల నొప్పట! ఆ ఉత్తుత్తి కతల! నేను అడుగుతె చెప్పేదట. 'ముసలోళ్లు మొదటిసారి ఏం లేదనే అంటరు. రెండోసారి, మూడోసారి అడగాలె. వేరే తీరుగ అడగాలె. నువ్వు ఏం లేదు అనంగనే పెన్ను మూసినవ్' అన్నది. పరీక్షల కూడ గిట్లనే చేస్తరట."

మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఏం లేదంటే ఏం లేనట్టే. మళ్లీ మళ్లీ గుచ్చి అడగడం మర్యాద కాదు. నెలన్నర పాటు ఆ పిల్లకు నేను నేర్పింది అదే. టిక్కులు పెట్టి మరీ నేర్పాను.

"తప్పు నాదమ్మా" అన్నాను.

"మీదేందత్తమ్మా. అడగాల్సింది నేను గద."

"అడగనివ్వాల్సింది నేను. రేపటి నుంచి చూడు, నీకు చుక్కలు చూపిస్తాను."

మర్నాటి నుంచి నేను మొండి పేషెంటునయ్యాను. ఒకటికి మూడుసార్లు అడిగితే కానీ చెప్పేదాన్ని కాదు. చెప్పేందుకు జబ్బులు కావాలి కదా. ఊళ్లోవాళ్లవి తెచ్చుకున్నాను. ఒకరోజు భానుమతి మోకాలు. ఒకరోజు ఊర్మిళ కళ్లు తిరగడం. చలపతి గ్యాసు రెండు రోజులు వచ్చింది.

"కడుపుల మంట ఎప్పుడొస్తది?"

"మా కోడలు వంట చేసిన రోజున."

"అత్తమ్మా!"

"పేషెంటుతో అలాగేనా మాట్లాడేది? ఫ్రౌ కెల్లర్‌కు చెబుతాను."

మాస్కు వెనక ఆమె నవ్వు కళ్లలోకి వచ్చేది. ఇరవై నిమిషాల పని గంటయ్యేది. ఒక్కోసారి భార్గవ్ తలుపు తెరిచి, "ఏంటి మీ గోల? మీటింగ్‌లో ఉన్నాను" అనేవాడు. మాకు ఇంకా నవ్వు వచ్చేది. ఆ ఇంట్లో నేను నవ్వడం ఆ పది రోజులే. తర్వాత గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే, ఇప్పటిదాకా మాట్లాడింది నేనేనా అనిపించేది.

అరువు తెచ్చుకున్న జబ్బులు ఒక్కొక్కటే అయిపోయాయి. పరీక్షకు వారం ముందు, శుక్రవారం నాడు, నా దగ్గర ఎవరి జబ్బూ మిగల్లేదు.

"ఏమన్న ఇబ్బందా?"

"ఏం లేదు."

"నిన్న మొన్న కంటె ఏమన్న ఫరక్ అనిపిస్తున్నదా?"

"ఏం లేదమ్మా."

పెన్ను మూయలేదు. వేరే తీరుగా అడిగింది. "రాత్రి ఎట్ల పండుకుంటున్రు?"

"కూర్చుని" అన్నాను.

అది అనాలని అనుకోలేదు. మూడోసారి అడిగేసరికి చెప్పడం నోటికి అలవాటైపోయింది.

"ఎన్ని రోజుల సంది?"

"పది పన్నెండు రోజులు."

"మంచిగ చేస్తున్రు" అని రాసుకుంటూ, "పండుకుంటె ఏమైతది?"

"ఊపిరి అందదు. రెండు దిండ్లు పెట్టినా అందదు. లేచి కిటికీ దగ్గర కూర్చుంటే కాస్త నయం."

పెన్ను ఆగింది. నా ముఖంలోకి చూసింది. "ఇది ఎవరిది?"

"చలపతిది."

"చలపతి మామకు గ్యాసు గద."

"గ్యాసూ ఉంది, ఇదీ ఉంది. ఒకటే జబ్బుండాలని ఏమన్నా ఉందా?"

"సాక్సులు తియ్యుండ్రి."

"చలిగా ఉందమ్మా నాకు."

"జూన్‌ల చలేందత్తమ్మా. తియ్యుండ్రి."

ఊలు సాక్సులు నేనెందుకు వేసుకుంటున్నానో నాకు తెలుసు. ఆమె కింద కూర్చుని, తానే వాటిని లాగేసింది. చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. కాసేపు అలాగే ఉంచి వేలు తీసింది. అక్కడ గుంట పడి, అలాగే ఉండిపోయింది. నాటకం అని చెప్పడానికి ఇక వీల్లేకుండా పోయింది.

"మాత్రలు వేసుకుంటున్రా?"

"బీపీది వేసుకుంటున్నాను."

"ఇంకోటి ఉండె గద? నీళ్లు పోయేది?"

మూడు నెలలకని తెచ్చుకున్న మాత్రలు. బీపీవి ఎక్కువే కొనుక్కొచ్చాను. నీళ్లమాత్రలు సరిగ్గా లెక్క. ఏప్రిల్ నుంచి దినం విడిచి దినం వేసుకున్నాను. తర్వాత సగం. మే ఆఖరుకు పెట్టె ఖాళీ. ఆమె ఒకసారి "మందులున్నయా అత్తమ్మా" అని అడిగింది. ఉన్నాయన్నాను. ఇక్కడి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలంటే వాళ్లు పనులు మానుకోవాలి. చదువుకునే పిల్ల. ఇంకెన్నాళ్లు, విమానం తిరిగితే ఊళ్లో చూపించుకుంటానులే అనుకున్నాను.

ఇదంతా చెప్పాను. రుచిత నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా పాదం ఆమె ఒళ్లోనే ఉంది.

"రోజు ఈ చేతులతోనే పట్టి చూస్తున్న" అంది. "రోజు. నెలన్నర సంది. నా ఎదురుంగనే కూసున్నరు. నన్ను పరీక్షల ఎందుకు పాస్ చెయ్యాలె వాళ్లు?"

"నేను దాచానుగా."

"దాస్తరని ఫ్రౌ కెల్లర్ చెప్పింది గద."

భార్గవ్‌ను పిలిచింది. వాడు హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని వచ్చి నా కాలు చూశాడు. వంగి తానూ ఒకసారి నొక్కాడు. "అమ్మా, నేను పక్క గదిలోనే ఉన్నాను కదే" అన్నాడు. తట్టితే పలుకుతావని నాకు తెలియదా? తట్టాలనిపించలేదు.

సోమవారం ప్రాక్సిస్‌కు తీసుకెళ్లింది. డాక్టరుగారు గుండె విన్నారు, తీగలు అంటించి బొమ్మ తీశారు, రక్తం తీయించారు. నీళ్లమాత్ర మళ్లీ మొదలుపెట్టి, ఇంకో మాత్ర కలిపారు. మరో వారం ఆగి ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చేదని అన్నారట. రోజూ పొద్దున్నే బరువు చూసి రాయాలి. నీళ్లు కొలిచి తాగాలి. మంగళ, బుధవారాలు రుచిత పుస్తకం ముట్టలేదు. నా బరువు, నా మూత్రం, నా ఊపిరి ఇవే ఆమెకు పాఠాలు. నేను చదువుకోమంటే, "ఇదే సద్వు" అనేది. కానీ గురువారం సాయంత్రం ఆమె కాగితాలు తిరగేస్తుంటే చూశాను. ఎక్కడా నిలవకుండా పేజీలు తిప్పుతోంది. ఆ పరీక్ష పోతే అది నావల్ల పోయినట్టే. ఇంకేం జరిగినా రేపు మధ్యాహ్నం దాకా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుని పడుకున్నాను.

శుక్రవారం ఐదింటికి మెలకువ వచ్చింది. ఊపిరి సగంలో ఆగుతోంది. లేచి కూర్చున్నాను. కాసేపటికి సర్దుకుంది. బరువు చూసుకుంటే ముందు రోజుకన్నా ఎనిమిది వందల గ్రాములు ఎక్కువ. కాగితం మీద అంకె వేయలేదు.

పరీక్ష జరిగే మాన్‌హైమ్‌కు వెళ్లే రైలు ఏడు దాటాక. ఆరున్నరకే రుచిత తెల్లబట్టలు సంచీలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, నా గుమ్మం దగ్గరకొచ్చింది.

"పోయొస్త అత్తమ్మా. మంచిగున్నరా?"

"బాగున్నాను. వెళ్లిరా. క్షేమంగా రా."

రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. "బరువు ఎంతున్నది?"

ముందు రోజు అంకె చెప్పవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమె హాయిగా వెళ్లిపోతుంది. ఏమవుతుంది, ఒక్క పూట. కానీ ఆమె సంచీ భుజం మీద పెట్టుకుని నా కళ్లలోకి చూస్తోంది. సాయంత్రం వచ్చి ఆ అంకె అబద్ధమని తెలిస్తే, ఇక ఏ ముసలివాళ్లు ఏం చెప్పినా నమ్మగలదా? పాసైన కాగితం చేతిలో ఉన్నా ఏం లాభం?

"ఎనిమిది వందలు పెరిగింది. ఐదింటికి లేచి కూర్చున్నాను. ఇప్పుడు బాగానే ఉంది."

సంచీ కింద పెట్టేసింది. నాడి చూసింది, బీపీ చూసింది, కాళ్లు నొక్కింది. ఫ్రౌ కెల్లర్‌కు ఫోన్ చేసింది. ఆమె డాక్టరుగారిని కనుక్కుని తిరిగి చేస్తానంది. ఆ లోపల రైలు వెళ్లిపోయింది. అదనంగా సగం మాత్ర వేయమన్నారు. పది గంటలకు మళ్లీ బరువు చూడమన్నారు. భార్గవ్‌ను లేపి అంతా ఒక కాగితం మీద రాసిచ్చింది.

"తలుపు తెరిచి పెట్టు. హెడ్‌ఫోన్లు పెట్టకు."

"మీటింగుంది రుచీ."

"ఉంటె ఉండనీ."

తర్వాతి రైలుకు పరిగెత్తింది. కిటికీలోంచి చూశాను. సీసాల డబ్బాల పక్కనుంచి సంచీ ఊగుతూ పోతోంది. దేవుడా, ఈ పిల్లను లోపలికి రానివ్వండి అనుకున్నాను. దేవుణ్ని అడిగానో పరీక్ష పెట్టేవాళ్లను అడిగానో నాకే తెలియదు.

భార్గవ్ కంప్యూటరు తెచ్చుకుని నా గదిలోనే కూర్చున్నాడు. వాడు తెరతో ఏదో భాషలో మాట్లాడుతూనే ఉన్నాడు. పది గంటలకు నా బరువు చూశాడు. మూడు వందలు తగ్గింది. నా వీపు మీద ఒకసారి చెయ్యివేసి, మళ్లీ తెర వైపు తిరిగాడు.

ఒంటిగంటన్నరకు రుచిత ఫోన్ చేసింది. పరీక్ష ఇంకా మూడు నిమిషాలుందనగా గుమ్మం తొక్కిందట. పరీక్షలో కూర్చున్న పేషెంటు అంతా బాగుందందట. రెండోసారి కూడా బాగుందందట. మూడోసారి, మెట్లెక్కేటప్పుడు ఎక్కడ ఆగుతారని రుచిత అడిగిందట. అప్పుడు ఆ పేషెంటు అసలు ఇబ్బంది చెప్పిందట.

"పాసైన అత్తమ్మా. మస్తు ఆకలైతున్నది. బరువెంత?"

నాలుగింటికి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, నాలుగు మాటలు చెప్పి, సోఫాలో నిద్రపోయింది. భార్గవ్ తన గదికి వెళ్లాడు. ఇంత మంచి సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి భానుమతికి ఫోన్ చేశాను.

"నర్సమ్మ అయిందా మీ కోడలు?"

"నర్సు కాదు."

"డాక్టరా?"

"కాదే. డాక్టరు దగ్గర ఉండి వచ్చినవాళ్లను అడిగేది."

"అడగడానికి కూడా పరీక్షా!" అంది భానుమతి. "సరేగానీ, మా వీధిలో కరోనా అని రెండిళ్లకు తాడు కట్టారు. పాలవాడు రావట్లేదు. నువ్వు అక్కడే నయం. ఉంటా, టీవీలో వార్తలొస్తున్నాయి."

జూలై నుంచి రుచితకు పూర్తి ఉద్యోగం. పొద్దున ఏడుకు వెళితే సాయంత్రం ఏడు. వచ్చేసరికి నిలబడే ఓపిక ఉండదు. ఆరు గంటల పని ఇక లేదు. నా కాళ్ల వాపు దిగింది. బరువు నేనే చూసుకుని నేనే రాసుకుంటున్నాను. ఆ వేళకు ఒకసారి గడియారం చూస్తాను, అంతే.

మొదటి వారం చివర్లో ఆమె, "గురువారం పదకొండింటికి మీకు టెర్మిన్ పెట్టిన. ప్రతి గురువారం. పది నిమిషాలు" అంది.

"ఇంట్లో చూడకూడదా అమ్మా?"

"ఇంట్ల అయితె నాకు నిద్రొస్తదత్తమ్మా. అక్కడైతె మీదని టైం రాసి ఉంటది."

గురువారం నీలం చీర కట్టుకుని, మాస్కు పెట్టుకుని, ఇరవై నిమిషాల ముందే వెళ్లాను. కుర్చీల మధ్య ఒక్కోటి వదిలి ఎర్రపట్టీ అంటించారు. అద్దం తెర వెనక రుచిత తెల్లచొక్కాలో కూర్చుంది. నన్ను చూసి తల ఊపి, తన ముందున్న ముసలాయన వైపు తిరిగింది. ఏదో అడిగింది. ఆయన చెయ్యి విదిలించి ఒక్కమాట అన్నాడు. రుచిత మళ్లీ అడిగింది. ఆయన ఈసారి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మూడోసారి ఆమె అద్దం దగ్గరకు ఒంగి, నెమ్మదిగా అడిగింది. ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు.

పదకొండు దాటింది. పదకొండుంబావు అయింది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. నేను కొంగు సర్దుకుని కూర్చున్నాను.